టపా దారిలో విలాసయాత్ర

1893 జూలై 2న నార్వేలోని ట్రోన్‌హైమ్ రేవు నుంచి ‘వెస్టరోలెన్’ అనే స్టీమర్ ఉత్తరానికి బయలుదేరింది. జూలై 5న, ఆర్కిటిక్ వలయానికి ఎంతో పైన ఉన్న హామర్‌ఫెస్ట్ పట్టణానికి చేరింది. ప్రభుత్వ కాంట్రాక్టు మీద టపా సంచులు, సరుకులు, పనుల మీద తిరిగే జనాన్ని చేరవేయడానికి పెట్టిన సర్వీసు అది. ఈ రోజు అదే తీరం వెంట, దాదాపు అవే రేవుల మీదుగా, అద్దాల హాళ్లలో కూర్చుని అర్ధరాత్రి సూర్యుణ్ణీ, చలికాలమైతే ఆకాశంలో ఆడే ఉత్తర కాంతులనూ చూడటానికి జనం లక్షలు పోసి వెళ్తున్నారు. ఫియోర్డుల, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చే సముద్రపు పాయల, అందమే ఈ యాత్రను పుట్టించిందని ప్రచార పుస్తకాలు చెబుతాయి. ఆ అందాన్ని కాదనే పని లేదు. కానీ అది వేల ఏళ్లుగా అక్కడే ఉంది. చూడబోయే మనిషిని అక్కడికి చేర్చింది మాత్రం రైతుల గుర్రాలు, పల్లెవాళ్ల తెడ్లు, ప్రభుత్వ ఖజానా డబ్బు కట్టిన టపా ఓడలు. విలాసం ఆ దారి మీదికి ఆలస్యంగా వచ్చి ఎక్కింది. ఆ దారిని వదిలి తన కాళ్ల మీద నిలబడబోయిన చోట నిలవలేకపోయింది. ఈ చరిత్రలో నాకు కనిపించేది ఇదే.

నార్వేలో ప్రభుత్వ టపా 1647లో మొదలైంది. డెన్మార్క్ రాజు తరఫున పాలించిన హన్నిబాల్ సెహెస్టెడ్ దాన్ని ఏర్పాటు చేశాడు. టపా మోసే బాధ్యత దారి పొడుగునా ఉన్న రైతు కుటుంబాలకు అప్పగించారు. బదులుగా సైన్యంలో చేరే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. దీని పక్కనే ఇంకో ఏర్పాటు ఉండేది, పేరు ‘షుస్’. ప్రయాణికుడు వచ్చి అడిగితే దారిలోని రైతు గుర్రాన్నో పడవనో ఇచ్చి తర్వాతి మజిలీ దాకా చేర్చాలి. తెలంగాణ పల్లెల్లో అధికారుల రాకపోకలకు బండ్లు కట్టించుకున్న వెట్టి గుర్తున్నవాళ్లకు ఇది కొంత అర్థమవుతుంది. ఒక్క ముఖ్యమైన తేడా ఉంది: ఇక్కడ కూలి ముట్టేది. అయితే ఆ రేటు రైతు నిర్ణయించింది కాదు, సర్కారు నిర్ణయించింది. కోతల కాలమైనా, గుర్రం అలసి ఉన్నా, పిలుపు వస్తే కదలాల్సిందే. ప్రతి మజిలీలోనూ ఒక పుస్తకం ఉండేది. వచ్చినవాడు అందులో పేరు రాసి, ఫిర్యాదు ఉంటే అదీ రాయాలి. రెండు చక్రాల ‘కారియోల్’ బండిలో ఒక్క ప్రయాణికుడికే చోటు. వెనక పెట్టె మీద ఆ పల్లె కుర్రవాడో అమ్మాయో ఎక్కి, మజిలీలో గుర్రాన్ని తిరిగి ఇంటికి తోలుకెళ్లేవారు. బండి దారి లేని ఫియోర్డుల్లో బండిని విప్పి పడవలో వేసుకుని గంటల తరబడి తెడ్లు వేసేవాళ్లు. 19వ శతాబ్దపు ఆంగ్ల యాత్రికులు తమ పుస్తకాల్లో మురిసిపోయి రాసుకున్న ‘స్వేచ్ఛాయాత్ర’ ఈ పద్ధతి మీదే నడిచింది. ముందుగా ఏమీ కుదుర్చుకోకుండా, ఏ పల్లెలో దిగినా గుర్రం దొరికే దేశం యూరప్‌లో అరుదు. ఆ స్వేచ్ఛకు ఆధారం ఆతిథ్యం ఒక్కటే కాదు, చట్టం కూడా.

మొదట వచ్చినవాళ్లు సాల్మన్ చేపల కోసం వచ్చారు. 1830ల నుంచి బ్రిటన్ జమీందార్లు లేర్డాల్, నామ్సెన్, ఆల్టా నదుల్లో వేసవి వేటకు రావడం మొదలుపెట్టారు. నదిలో చేప పట్టే హక్కు ఒడ్డున భూమి ఉన్న రైతుది కాబట్టి కౌలు డబ్బు చాలాచోట్ల రైతుకే అందింది. తర్వాత కొండలెక్కేవాళ్లు వచ్చారు. విలియం సెసిల్ స్లింగ్స్‌బీ 1876లో స్టోరె స్కాగస్టోల్‌స్టిండ్ శిఖరం ఎక్కాక ఆ దేశపు కొండలకు ఇంగ్లండ్‌లో పేరు వచ్చింది. థామస్ బెన్నెట్ అనే ఆంగ్లేయుడు రాజధాని క్రిస్టియానియాలో 1850లోనే యాత్రల ఏజెన్సీ తెరిచాడు. కారియోల్ అద్దెకిచ్చి, దారి పుస్తకం చేతిలో పెట్టి పంపడం అతని వ్యాపారం. అతను అమ్మినదాంట్లో సింహభాగం అతని సొంతం కాదు. గుర్రం రైతుది, రోడ్డు సర్కారుది. రాజధానికీ బెర్గెన్‌కూ మధ్య ఫిలెఫ్యెల్ కొండల మీదుగా బండ్లు నడిచే తొలి రాజమార్గాన్ని 1790లలో సిద్ధం చేసింది టపా కోసం, అధికారుల కోసం. ఆ పనిలో చాకిరీ చేసింది చుట్టుపక్కల రైతులే.

తీరం కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. యూరప్ ఉత్తర కొసగా పేరుపడ్డ నార్త్ కేప్‌కు 1664లో ఇటలీ నుంచి ఫ్రాంచెస్కో నెగ్రి అనే పూజారి చేరుకున్నాడు. 1795లో, తర్వాత ఫ్రాన్స్ రాజైన లూయీ ఫిలిప్ ప్రవాసంలో ఉండగా వచ్చాడు. ఇలాంటి సాహసాలు శతాబ్దానికి ఒకటో రెండో. 1838లో ‘ప్రిన్స్ గుస్తావ్’ అనే ప్రభుత్వ స్టీమర్ ట్రోన్‌హైమ్, ట్రోమ్సోల మధ్య తిరగడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. 1850లలో పుట్టిన బెర్గెన్, ట్రోన్‌హైమ్ స్టీమర్ కంపెనీలు టపా కాంట్రాక్టుల అండతో ఎదిగి, వేసవిలో నార్త్ కేప్ యాత్రలు నడిపాయి. 1873లో రాజు రెండో ఆస్కార్ వెళ్లి రావడంతో ఆ కొండకు గౌరవం దక్కింది. 1875లో థామస్ కుక్ కంపెనీ యాత్రికులను తీసుకెళ్లింది. 1907లో సియాం రాజు చులాలాంగ్‌కార్న్ కూడా వచ్చి, అక్కడి రాతి మీద తన గుర్తు చెక్కించి వెళ్లాడు. రాజైనా వర్తకుడైనా హోర్న్‌వికా అనే చిన్న వంపులో ఓడ దిగి, 300 మీటర్లకు పైగా నిటారు బాటలో ఎక్కాల్సిందే. 1956లో రోడ్డు పడేదాకా వేరే దారి లేదు.

వేసవి సంగతి అలా ఉంటే, చలికాలం పూర్తిగా వేరు. ఉత్తర నార్వేలో నవంబరు చివర అస్తమించిన సూర్యుడు జనవరిలో గానీ మళ్లీ కనపడడు. లోఫోటెన్ దీవుల్లో కాడ్ చేపల వేట సరిగ్గా ఆ చీకటి నెలలు దాటుతూనే ఊపందుకుంటుంది. చేప ధర, ఉప్పు, పీపాలు, కొనుగోలుదారు జవాబు అన్నీ ఉత్తరాల మీదే నడవాలి. ఆ ఉత్తరాలు మోయాల్సిన ఓడలు రాత్రిపూట ఆగిపోయేవి. ప్రభుత్వ స్టీమర్ సలహాదారు ఆగస్ట్ గ్రాన్ రాత్రీ పగలూ, ఏడాది పొడుగునా ఆగకుండా నడిచే సర్వీసు కావాలని ప్రతిపాదించినప్పుడు పెద్ద కంపెనీలు రెండూ కుదరదన్నాయి. ట్రోన్‌హైమ్‌కు ఉత్తరాన అప్పటికి ఉన్న లైట్‌హౌస్‌లు 28 మాత్రమే, నమ్మదగిన సముద్రపటాలు అంతకన్నా అరుదు. ముందుకొచ్చింది వెస్టరోలెన్ దీవుల చిన్న కంపెనీ, దాని కెప్టెన్ రిచర్డ్ విత్. ఆయనా, ఆండర్స్ హోల్టె అనే పైలెట్టూ ఆ తీరంలో ఏళ్ల తరబడి తిరుగుతూ దిక్సూచి చూపిన దిశ, వేగం, ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకు పట్టిన సమయం రాసిపెట్టుకున్నారు. ఆ లెక్కలుంటే దిక్సూచి, గడియారం సాయంతో చీకట్లోనూ ఓడ నడపవచ్చని నమ్మారు. ప్రభుత్వం కాంట్రాక్టు ఇచ్చింది: వారానికి ఒకసారి, వేసవిలో హామర్‌ఫెస్ట్ దాకా, చలికాలంలో ట్రోమ్సో దాకా. ‘హుర్టిగ్రూటెన్’, అంటే వేగమార్గం, అలా మొదలైంది. సాధ్యమేనని తేలాక, కాదన్న కంపెనీలూ త్వరలోనే వచ్చి చేరాయి. ఈ రోజు చలికాలపు కాంతులను చూపించే ప్రతి టిక్కెట్టూ ఆ చేతిరాత లెక్కలకు బాకీపడి ఉంది.

వెస్టరోలెన్ కంపెనీయే మరో ప్రయోగం చేసింది. నా వాదనకు దానికన్నా గట్టి సాక్ష్యం దొరకదు. 1896లో అది ఆర్కిటిక్ దీవి స్పిట్స్‌బెర్గెన్‌కు వేసవి యాత్రా సర్వీసు పెట్టి, అడ్వెంట్ ఫియోర్డ్ ఒడ్డున ఒక హోటల్ కట్టింది. అక్కడ గ్రామం లేదు, రైతు లేడు, చేపల బజారు లేదు, మోయాల్సిన టపా కూడా యాత్రికులు రాసుకునే కార్డులే. మంచుపర్వతాల అందానికి కొరత లేదు. కంపెనీ అదే. అయినా హోటల్ కొద్ది సీజన్లలోనే మూతపడింది. ఆ చోటికి హోటల్‌నెస్ అన్న పేరు మిగిలింది. తర్వాత ఆ ఫియోర్డ్ ఒడ్డున లాంగ్‌యియర్‌బ్యెన్ ఊరిని నిలబెట్టింది బొగ్గు గనులు. యాత్రికులు మళ్లీ పెద్ద సంఖ్యలో వచ్చింది, ఆ గనుల ఊరు పెరిగి అక్కడికి విమానాశ్రయం వచ్చాకే. అదే కాలంలో వారం వారం టపా మోసిన తీరమార్గం మాత్రం 1898 నాటికి బెర్గెన్ దాకా, తర్వాత రష్యా సరిహద్దు దగ్గరి కిర్కెనెస్ దాకా విస్తరించింది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. జర్మన్ చక్రవర్తి (కైజర్) రెండో విల్హెల్మ్ 1889 నుంచి 1914 దాకా దాదాపు ప్రతి వేసవీ ‘హోహెన్‌జోలర్న్’ అనే సొంత ఓడలో ఫియోర్డులకు వచ్చాడు. ఆయన్ని చూసి జర్మన్ సంపన్నులు ఎగబడ్డారు. హాంబర్గ్ కంపెనీ అధిపతి ఆల్బర్ట్ బాలిన్ విహారం కోసమే ‘ప్రిన్సెస్సిన్ విక్టోరియా లూయీజె’ అనే ఓడ కట్టించి 1900లో నీళ్లలోకి దించాడు. పడక, భోజనం, సంగీతం అన్నీ వెంట తెచ్చుకునే ఈ తేలే హోటళ్లకు స్థానిక టపాతో ఏం పని? మొదటి చూపుకు ఏమీ లేదనిపిస్తుంది. కానీ వంకర టింకర ఫియోర్డుల్లోకి పెద్ద ఓడను తీసుకెళ్లింది స్థానిక పైలెట్లు. దారి చూపింది చేపల పడవల కోసం, టపా స్టీమర్ల కోసం కట్టిన లైట్‌హౌస్‌లు. ఒడ్డు దిగిన వందల మందిని గుడ్‌వాంగెన్ నుంచి స్టాల్‌హైమ్ కొండపైకి, గైరాంగర్ నుంచి పైకి తీసుకెళ్లింది చుట్టుపక్కల లోయల నుంచి తోలుకొచ్చిన రైతుల గుర్రాలు. ఓడ ఎంత స్వయంసమృద్ధమైనా, ఒడ్డున గుర్రం లేకపోతే యాత్రికుడికి దొరికేది రెయిలింగు మీద నుంచి కనిపించే దృశ్యమే.

మరో అభ్యంతరం నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది: ఈ యాత్రికులే పల్లెలకు అన్నం పెట్టలేదా? పెట్టారు. గుర్రం ఉన్న రైతుకు కొద్ది వారాల్లో వచ్చిన డబ్బు ఏడాదిలో ఇంకెక్కడా రాదు. 1891లో గైరాంగర్‌లో హోటల్ యూనియన్ లాంటివి వెలిశాయి. 1904 జనవరిలో ఓలెసుండ్ పట్టణం ఒక్క రాత్రిలో కాలిపోయి పది వేల మంది నిలువనీడ లేకుండా మిగిలితే, కైజర్ వెంటనే ఓడల్లో ఆహారం, మందులు, దుప్పట్లు పంపాడు. అక్కడివాళ్లు దాన్ని నేటికీ గుర్తుంచుకుంటారు. అయినా ఈ లెక్కలో రెండో వైపు కూడా రాయాలి. 1825 నుంచి వందేళ్లలో నార్వే వదిలి అమెరికా వెళ్లినవాళ్లు దాదాపు ఎనిమిది లక్షల మంది. జనాభా నిష్పత్తిలో ఐర్లండ్ తర్వాత యూరప్‌లో అంతగా ఖాళీ అయిన దేశం లేదు. వలస వెళ్లినవాళ్లలో ఎందరో ఇవే లోతట్టు ఫియోర్డుల వాళ్లు. యాత్రికుడు నిటారు కొండ మీద వేలాడే పొలాన్ని చూసి అబ్బురపడిన ఏళ్లలోనే, ఆ పొలం తిండికి చాలక దాని వారసులు రేవుకు దిగి వెళ్లిపోయారు. ట్రోమ్సోలో ఆగిన ఓడలు యాత్రికులను పక్కనే ఉన్న లోయకు నడిపించి అక్కడి ఆదివాసులైన సామి ప్రజల గుడారాలు, రెయిన్‌డీర్ మందలు చూపించేవి. అదే దశాబ్దాల్లో ప్రభుత్వ బడుల్లో సామి పిల్లల చేత సొంత భాష మాన్పించారు. చూడటానికి ముచ్చటపడ్డ లోకం వాళ్ల తరఫున నోరెత్తలేదు. ఈ మౌనాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

యుద్ధాలు విహార ఓడకూ టపా ఓడకూ మధ్య తేడాను తేల్చేశాయి. 1914 జూలై చివర కైజర్ బాలెస్ట్రాండ్ నుంచి హడావుడిగా వెనక్కి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. వేసవి ఓడలు ఆగిపోయాయి. తీరమార్గం ఆగలేదు. రెండో యుద్ధంలో జర్మన్ ఆక్రమణ కింద కూడా, ఇంకో దారి లేని జనాన్ని మోస్తూ నడిచింది. దాని ఓడలు ఒకటి తర్వాత ఒకటి మునిగాయి. స్థాపకుడి పేరు పెట్టుకున్న ‘రిచర్డ్ విత్’ ఓడను 1941 సెప్టెంబరులో బ్రిటిష్ సబ్‌మెరైన్ ముంచేసింది. 1944 శరదృతువులో వెనక్కి తగ్గుతూ జర్మన్ సైన్యం ఉత్తర కొసన ఉన్న ఫిన్‌మార్క్‌ను దాదాపు మొత్తం తగలబెట్టింది. దాదాపు యాభై వేల మందిని బలవంతంగా తరలించారు. వేలమంది గుహల్లో, మట్టి గుడిసెల్లో దాక్కున్నారు. హామర్‌ఫెస్ట్‌లో మిగిలిన కట్టడం శ్మశానం దగ్గరి ప్రార్థనామందిరం ఒక్కటే. ఇప్పుడు ఉత్తరయాత్రలో ఫిన్‌మార్క్‌లో కనిపించే ఊళ్లు దాదాపు అన్నీ ఆ తర్వాత ప్రభుత్వ సాయంతో మళ్లీ కట్టుకున్నవే.

చివరి అభ్యంతరం నేటిది. రోడ్లు, విమానాలు వచ్చి టపా ఓడ దిగిపోయింది. ఇప్పుడు యాత్రికుడి డబ్బే ఆ ఓడల్ని బతికిస్తోంది కదా, వాదన తిరగబడలేదా? సగం నిజం. యాత్రికులు లేకుండా ఆ కంపెనీల లెక్కలు కుదరవు. కానీ 2021 నుంచి అమల్లో ఉన్న కాంట్రాక్టు ప్రకారం ఏడు ఓడలు హుర్టిగ్రూటెన్ పేరే పెట్టుకున్న కంపెనీవి, నాలుగు హవీలా కంపెనీవి. బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా 34 రేవుల్లో ఏడాది పొడుగునా ఆగాలి, స్థానికులకు చోటు ఉంచాలి, ట్రోమ్సోకు ఉత్తరాన సరుకు మోయాలి. అందుకు ప్రభుత్వం డబ్బు కడుతుంది. ఈ షరతులేవీ లేని విహార ఓడలు మాత్రం లాభం ఉన్న రేవుకే, లాభం ఉన్న నెలల్లోనే వస్తాయి. కొన్ని వందల మంది ఉండే గైరాంగర్‌లో, ఫ్లోమ్‌లో ఒక్క పూటలో వేలమందిని దించి, పొగ వదిలి వెళ్తాయి. 2005లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన గైరాంగర్, నేరొయ్ ఫియోర్డుల్లోకి పొగ వదిలే ఓడలు రాకూడదని 2018లో పార్లమెంటు తీర్మానించింది. చిన్న ఓడలకు ఆ నియమం 2026లో అమల్లోకి వచ్చింది, పెద్ద వాటికి గడువు 2032 దాకా పొడిగించారు. తీరంలో ఏడాదంతా తిరిగే చిన్న ఓడలు బ్యాటరీలు పెట్టుకుని ముందే సిద్ధమవుతుంటే, వేసవికి వచ్చి పోయే పెద్ద ఓడలకు ఆరేళ్ల సడలింపు ఇవ్వడం ఆ దేశం తన చరిత్రకు విరుద్ధంగా తీసుకున్న నిర్ణయమని నేను అనుకుంటున్నాను. దాన్ని మార్చుకోవడానికి 2032 దాకా ఆగనక్కరలేదు.