వేదానికి కిరీటం, అమ్మోరికి సైతాను పేరు

క్రీస్తు తప్ప దారి లేదన్న మాట యోహాను సువార్తలో ఉంది. దేవుడు ఏ జనాన్నీ సాక్ష్యం లేకుండా వదల్లేదన్న మాట అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఏ మాట ఎవరికి వినిపించారో అదే మన చరిత్ర.

1606లో మధురై చేరిన రాబర్ట్ డి నొబిలి బ్రాహ్మణ సన్యాసిలా బతికాడు, సంస్కృతం చదివాడు. 1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. సువార్తను తెలుగు చెయ్యడంలో వాళ్లకు సాయపడిన ఆనందరాయరు పుట్టుకతో బ్రాహ్మణుడే. 1913లో ఫర్కుహర్ అనే మిషనరీ హిందూమతానికి క్రీస్తే కిరీటమని పుస్తకం రాశాడు. 1965లో రెండో వాటికన్ మహాసభ ఇతర మతాల్లోని సత్యాన్నీ పవిత్రతనూ తోసిపుచ్చబోమంది. ఈ గౌరవం ఎక్కువగా గ్రంథాలున్న మతాలకే దక్కింది.

మరి పుస్తకం లేని మా అమ్మోరు? తగరపువలసలో మా పెద్దలు గోస్తనిలో మునిగి బాప్తిస్మం తీసుకున్నప్పుడు డప్పు ఒగ్గేయమన్నారు, ఘటం ఒగ్గేయమన్నారు. అదంతా సైతాను పూజన్నారు. మావోళ్లు సైతానుకి భయపడి రాలేదు. జాతరలో డప్పు కొట్టేదీ మావోళ్లే, గుడి బయట నిలబడేదీ మావోళ్లే. ఆ అవమానం వదిలించుకోడానికి వచ్చారు. బడీ, పలకా దొరికాయి. కాదన్ను. మా మామ్మ మాత్రం "పెబువూ మంచోడే, అమ్మోరూ మన మనిసే" అనేది. పాస్టరుగారు దాన్ని అజ్ఞానమన్నారు.

1980లలో దళిత వేదాంతాన్ని ముందుకు తెచ్చిన అరవింద్ నిర్మల్ లాంటివాళ్లు మన బాధలోంచి దేవుణ్ణి చూడమన్నారు. అలా చూస్తే మతాల మధ్య సంభాషణ పీఠాల దగ్గర కాదు, మా పేటలో మొదలవ్వాలి. ప్రభువునీ అమ్మోరినీ ఒకే గుండెలో మోసిన ఆడదాన్ని అడక్కుండా రాసిన వేదాంతం సగం వేదాంతమే.