సంచి లేని మిషను కథ, మన మండపంలో ఆగిపోయిన మిషను లెక్క

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైరైన తర్వాత కూర్చుని నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకొని చదవండి.

పోయిన నెల కమిటీలో మండపానికి కొత్త వాక్యూం క్లీనర్ కొనాలని మాట వచ్చింది. పాతది రెండేళ్ళు కూడా నిలవలేదు. ఐదువేల లోపు ధర, సంచి లేని రకం, అట్టపెట్టె మీద వాట్లు పెద్ద అంకెల్లో. ఇప్పుడది స్టోరు గదిలో పడి ఉంది, మా రైల్వే భాషలో డెడ్ స్టాకు. మళ్ళీ అలాంటిదే కొందామని కొందరు, పొరకే మేలని కొందరు. డబ్బు అందరి చందా కాబట్టి, ఈ మిషను ఎక్కడినుంచి వచ్చిందో ముందు తెలుసుకుందామని రాస్తున్నాము.

దుమ్ము సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆడి మాసంలో పడమటి కొండ దిగి వచ్చే గాలికి మంసాపురంలో తలుపు మూసినా నేల మీద పొర పడుతుంది. రాజపాళయంలో పి.ఎ.సి. రామసామి రాజా గారు 1936లో మిల్లు పెట్టినారు, చత్రపట్టిలో బ్యాండేజి గుడ్డ నేస్తారు. పత్తి పీచు ఎంత తేలికో, ఎంత దూరం పోతుందో మన పిల్లలకు కూడా తెలుసు.

1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, గాలి ఊది దుమ్ము లేపే మిషనొకటి చూసి, ఊదేది ఎందుకు, పీల్చకూడదా అని అడిగినాడట. నోటికి రుమాలు అడ్డం పెట్టుకొని ఒక కుర్చీ మెత్తను పీల్చి చూసినాడు. రుమాలు మీద మురికి నిలిచింది. అతను కట్టిన మిషను గుర్రాలు లాగే బండి. వీధిలో నిలిపి, కిటికీలోంచి గొట్టం లోపలికి పంపేవాళ్ళు. 1902లో ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ ఆబేలో తివాచీలు దానితోనే శుభ్రం చేసినారు.

మాకు ఎక్కువ నచ్చింది రెండో మనిషి. అమెరికాలో ఒహైయో రాష్ట్రం క్యాంటన్ ఊళ్ళో ఒక పెద్ద అంగడి చిమ్మే పని చేసిన జేమ్స్ మరే స్పాంగ్లర్. ఉబ్బసం మనిషి. చిమ్మినప్పుడల్లా దగ్గు. 1907లో ఒక ఫ్యాను మోటారు, పొరక కర్ర, ఒక దిండు గలీబు కలిపి మిషను చేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది, దాన్ని తోలు సామాన్ల వ్యాపారి హూవర్‌కు అమ్మినాడు. పేరు మాత్రం హూవర్‌కే నిలిచింది. అయినా ఇంట్లో వాడే మిషనుకు దారి వేసింది చిమ్మే మనిషి దగ్గు. ఇది గుర్తు పెట్టుకోండి, కడపట మళ్ళీ వస్తాము.

దిండు గలీబే తర్వాత గుడ్డసంచి, కాగితం సంచి అయింది. దానిలో ఒక చిక్కు. గాలి పోవాలి, దుమ్ము నిలవాలి. నిలిచిన దుమ్మే గాలి దారి మూస్తుంది. సంచి నిండేకొద్దీ పీల్పు తగ్గుతుంది.

దీనికి మందు మిల్లుల్లో అప్పటికే ఉంది. రైసుమిల్లు పక్కన నిలిపిన పెద్ద రేకు గరాటు చూసే ఉంటారు. గాలిని పక్కనుంచి లోపలికి తోస్తే గిర్రున తిరుగుతుంది. బరువైన దుమ్ము గోడకు తగిలి కిందికి జారుతుంది, తేలిక గాలి నడుమనుంచి పైకి పోతుంది. దీన్నే సైక్లోన్ అంటారు. 1885లోనే అమెరికాలో జాన్ ఫించ్ పేరున పేటెంటు ఉంది. ఇంగ్లండులో జేమ్స్ డైసన్ ఇలాంటిది ఒక రంపపు మిల్లులో చూసి, ఇంటి మిషనుకు సరిపడేట్టు చిన్నది చేయాలని పూనుకున్నాడు. నమూనాలు 5,127 అయినాయి. 1993లో తన సొంత పేరుతో డిసి01 అమ్మకానికి తెచ్చినాడు.

ఇప్పుడు మన అంగళ్ళలో దొరికే చవక రకాలన్నీ దాని నీడలే. కానీ సంచి లేకపోవడం వేరు, సైక్లోన్ ఉండడం వేరు. కొన్నిటిలో ఉండేది ఒట్టి డబ్బా, దాని నోటికి ఒక ఫిల్టరు. సంచి పడాల్సిన పాటంతా ఆ ఫిల్టరు పడుతుంది. మూత తీసి చూడండి. నడుమ గరాటు, చుట్టూ జల్లెడ కన్నాల గొట్టం ఉందా? చేతెడు ముగ్గుపిండి పీల్పించి తెరవండి. పిండి డబ్బా అడుగున ఉంటే సైక్లోన్ పని చేసినట్టు. ఫిల్టరుకు అట్టకట్టితే అది పేరుకే సంచి లేనిది.

వాట్లు చూసి మోసపోవద్దు. వాట్లు కరెంటు తినేది చెబుతాయి, పీల్చేది కాదు. ఐరోపాలో 2014లో 1600 వాట్ల పైన, 2017లో 900 వాట్ల పైన మిషన్లు అమ్మకూడదని తెచ్చినారు. వాటికి అంటించిన రేటింగు చీటీ మీద డైసన్ కంపెనీయే కోర్టుకు పోయింది. ఖాళీ డబ్బాతో పరీక్ష చేస్తే ఇంట్లో వాడకం ఎట్లా తెలుస్తుందని వాదన. 2018లో కోర్టు ఆ చీటీ నియమాన్ని కొట్టేసింది. అంగట్లో సేల్స్ తమ్ముడు చూపించేది కూడా ఖాళీ డబ్బాతోనే కదా.

మన్నిక లెక్క కూడా అక్కడి నియమంలోనే దొరికింది. మోటారు కనీసం 500 గంటలు నడవాలన్నారు. వారానికి ఒక గంట వాడే ఇంట్లో అది తొమ్మిదేళ్ళ పైన. మన మండపంలో వారానికి నాలుగు గంటలు నడిపినాము. అంటే 125 వారాలు, రెండేళ్ళ అయిదు నెలలు. ఆ పైన ఫిల్టరు ఎవరూ కడగలేదు. ఒకసారి కడిగి, తడి ఆరకముందే పెట్టినారు. గాలి ఆడకపోతే మోటారు వేడెక్కి చస్తుంది, ఆ గాలే దాన్ని చల్లబరచాలి. మేమూ కమిటీలో ఉన్నాము. తప్పు కంపెనీది ఎంతో మాదీ అంతే.

అసలు మాట ఇప్పుడు. మిషను ఆగిన తర్వాత మండపం చిమ్మే చెల్లెమ్మను అడిగినాము, బాధ పడుతుందేమోనని. ఆమె నవ్వింది. "పోనీలేన్నా. పొరకతో చిమ్మితే దుమ్ము నేల మీద ఉంటాది, నీళ్ళు చల్లి అణిచేస్తా. ఆ డబ్బా తెరిస్తే అంతా నా మొగానికే వస్తాది." రెండేళ్ళు ఆ డబ్బాను కుప్పతొట్టి దగ్గర తట్టి తట్టి ఖాళీ చేసింది ఆమె. అక్షింతలు, పూరేకులు సరే, విభూతి, ముగ్గుపిండి, సున్నం పొడి? స్పాంగ్లర్ దగ్గు తప్పించుకోవడానికి చేసిన మిషను మన ఊళ్ళో ఇంకొకరికి దగ్గు తెచ్చింది. ఆమెకు ముక్కుకు గుడ్డ ఇవ్వాలని కూడా మనకు తోచలేదు.

అందుకని మా అభిప్రాయం ఇది. ఇంటికైతే చవక సంచి లేని మిషను చాలు, నిజం గరాటు ఉంటే, ఫిల్టరు విడిగా దొరికితే. మండపానికి మాత్రం పెద్ద డ్రమ్ము రకం, కాగితం సంచి వేసేది కావాలి. సంచి ఖర్చు మాటిమాటికీ వస్తుంది, కోశాధికారి అన్నకు కోపం వస్తుంది, తెలుసు. కానీ దుమ్ము సంచిలోనే ఉండి మూతి కట్టుకొని బయటికి పోతుంది.

వచ్చే ఆదివారం సాయంత్రం అంగడివాళ్ళు రెండు రకాలూ తెచ్చి చూపిస్తామన్నారు. అర కిలో ముగ్గుపిండి మేము తెస్తాము. ఆ చెల్లెమ్మను కూడా రమ్మన్నాము, ఏది కావాలో ఆమె చెబుతుంది. ఆ రోజు డబ్బా ఖాళీ చేసేది మాత్రం మేమే.