వీధిలో సైకిలు వాటా

భారతదేశపు పట్టణ వీధుల చరిత్రను మోటారు వాహనాల రాకతో మొదలుపెట్టి చెప్పడం పరిపాటి. అయితే ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పాటు గుమాస్తా కచేరీకి, కార్మికుడు మిల్లుకు, విద్యార్థి కళాశాలకు, పాలవాడు గడపగడపకు చేరుకున్నది సైకిలు మీదనే. ఆ వాహనం ఈ వీధుల్లోకి ఎలా వచ్చింది, దానికి ఏ పరికరాలు ఏ అవసరం కొద్దీ అమరాయి, తోటి బండ్లతో దారి పంచుకోవడానికి ఏ నియమాలు ఏర్పడ్డాయి అన్న విషయాలను వరసగా పరిశీలిస్తే, వీధి విస్తీర్ణాన్ని పంచినవారు మనుషుల సంఖ్యను పక్కనపెట్టి వేగాన్నే కొలబద్దగా తీసుకున్నప్పుడు సైకిలు తన వాటాను కోల్పోయిందని స్పష్టమవుతుంది.

నేడు వాడుకలో ఉన్న సైకిలు రూపం 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణంలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన ‘రోవర్’తో స్థిరపడింది. అంతకుముందు ప్రచారంలో ఉన్న సైకిళ్ళలో ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తున ఉండి, దానికే నేరుగా పెడళ్ళు బిగించి ఉండేవి కనుక, ఏ చిన్న గుంత తగిలినా నడిపేవాడు తలకిందులుగా పడే ప్రమాదం ఉండేది. స్టార్లీ రెండు చక్రాలను దాదాపు సమానమైన కొలతకు తెచ్చి, పెడలు బలాన్ని చైను ద్వారా వెనుక చక్రానికి అందించడంతో సైకిలు సామాన్యుడు ఎక్కదగిన వాహనమైంది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన టైరుకు పేటెంటు పొందిన తరువాత గతుకుల దారి కూడా దానికి సాధ్యమైంది. ఆ శతాబ్దాంతానికి సైకిలు కలకత్తా, బొంబాయి, మద్రాసు రేవుల గుండా భారతదేశంలో ప్రవేశించింది. తొలుత అది దొరలకు, సంపన్నులకు మాత్రమే అందే ఖరీదైన వస్తువు. రాలీ, బి.ఎస్.ఎ., హెర్క్యులీస్ వంటి ఇంగ్లండు కంపెనీల సైకిళ్ళకు తోడు రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో చౌకరకం జపాను సైకిళ్ళు కూడా దిగుమతి కావడంతో ధర క్రమంగా దిగివచ్చి, తంతి వార్తలు అందించే జవాన్లు, పోలీసులు, బడిపంతుళ్ళు, చిన్న వర్తకులు దాన్ని జీవనోపకరణంగా చేసుకున్నారు.

ఈ దేశంలో స్థిరపడిన నమూనాను తయారీదారులు ‘రోడ్‌స్టర్’ అన్నారు. గతుకుల దారిలో బరువు మోయడానికి అనువుగా ఉక్కు గొట్టాలతో, ఇరవై ఎనిమిది అంగుళాల పెద్ద చక్రాలతో, నడిపేవాడు నిటారుగా కూర్చునేలా నిర్మించిన సైకిలు అది. నిటారుగా కూర్చున్నవాడికి ముందున్న ఎడ్లబండి మీదుగా దారి కనబడుతుంది, పక్కన వచ్చే జట్కా చప్పుడు చెవిన పడుతుంది కనుక, రద్దీ వీధిలో ఆ భంగిమ సౌకర్యంతో పాటు రక్షణనూ ఇచ్చింది. బ్రేకులకు తీగలకు బదులు ఇనుప కడ్డీలను వాడారు. చేతిపిడిని నొక్కినప్పుడు కడ్డీ పైకి లేచి, దానికి అమర్చిన రబ్బరు ముక్కలను రిమ్ము లోపలి అంచుకు అదిమేది. వానలో తడిసిన ఉక్కు రిమ్ము మీద ఈ బ్రేకు పట్టు సడలేది. అయినా తెగే తీగ లేకపోవడం, ఒక్క పానాతో ఎవరైనా సరిచేయగలగడం వల్ల అది దశాబ్దాల పాటు నిలిచింది. పంచెకట్టుకు, పైజామాకు గ్రీజు అంటకుండా చైనుకు పూర్తి కవరు, బురద చిందకుండా మడ్‌గార్డులు, ఎక్కడైనా నిలిపేందుకు వెనుక చక్రాన్ని నేలనుంచి ఎత్తిపట్టే స్టాండు, గడ్డిమోపు నుంచి గ్యాసు సిలిండరు దాకా మోసే క్యారేజీ, ఇవన్నీ ఆ వాహనంలో అంతర్భాగాలయ్యాయి. ఆడవారి సైకిలుకు పై కడ్డీని కిందికి వంచి, వెనుక చక్రానికి వల బిగించడం వల్ల చీర, లంగా ఊచల్లో చిక్కుకునే భయం తప్పింది.

పరికరాలలో దీపానికి ప్రత్యేకమైన చరిత్ర ఉంది, ఎందుకంటే తోటి ప్రయాణికులతో దారి పంచుకోవడమనే బాధ్యతను చట్టం మొదట దీపం ద్వారానే సైకిలు మీద మోపింది. తొలినాటి కిరోసిన్ దీపం గాలికి ఆరిపోయేది. తరువాత వచ్చిన కార్బైడు దీపంలో పై అరలోని నీరు చుక్కచుక్కగా కింది అరలోని కాల్షియం కార్బైడు మీద పడి ఎసిటిలీన్ వాయువు పుట్టి, తెల్లని కాంతితో మండేది. ఆ పైన వచ్చిన డైనమోలో టైరు పక్కభాగాన్ని ఒరుసుకుంటూ తిరిగే చిన్న చక్రం లోపలి అయస్కాంతాన్ని తిప్పి, సాధారణంగా ఆరు వోల్టుల విద్యుత్తును పుట్టించేది. నూనె ఖర్చు లేని ఈ దీపానికి ఒక లోపం ఉండేది: సైకిలు ఆగితే వెలుగు ఆగేది కనుక, వెనుకనుంచి బండ్లు వచ్చిపడే కూడలిలోనే సైకిలు చీకట్లో నిలిచేది. వెనుక మడ్‌గార్డు చివర పూసిన తెల్లరంగు, దాని మీది ఎర్రని అద్దం ఆ లోపాన్ని కొంతవరకు పూరించాయి.

మోటారు వాహనాల కోసం దేశంలో 1914లోను, సమగ్రంగా 1939లోను చట్టాలు వచ్చాయి. ఇంజను లేని సైకిలు వాటి నిర్వచనంలోకి రాకపోవడంతో, దాని పాలన పురపాలక సంఘాలకు, పోలీసు నియమాలకు మిగిలింది. అనేక పట్టణాల్లో సైకిలు యజమాని ఏటా పన్ను చెల్లించి, సంవత్సరం, సంఖ్య ముద్రించిన లోహపు బిళ్ళను పొంది సైకిలుకు తగిలించుకోవలసి వచ్చేది. బిళ్ళ లేకపోయినా, చీకటి పడ్డాక దీపం లేకపోయినా, ఒకే సైకిలు మీద ఇద్దరు ప్రయాణించినా జరిమానా తప్పేది కాదు. తెలుగు పట్టణాల్లో ‘డబుల్స్’ అని పిలిచిన ఆ ఇద్దరి ప్రయాణం మీద పోలీసుల నిఘా ఒక తరానికి నిత్యానుభవం. ఈ నియమాలు పేదవాడికి భారమే అయినా వాటిలో ఒక గుర్తింపు కూడా ఇమిడి ఉంది. పన్ను కట్టి, గంట మోగించి, దీపం వెలిగించి, ఎడమవైపున సాగే సైకిలు వీధిలో హక్కుగల వాహనమని పాలనాయంత్రాంగం అంగీకరించింది. ఎడ్లబండి, జట్కా, రిక్షా, సైకిలు కలిసి నడిచిన ఆ వీధిలో వేగాల మధ్య పెద్ద తేడా లేదు కనుక, ఒకరినొకరు తప్పించుకోవడానికి గంట మోత, చేతి సైగ సరిపోయేవి.

స్వాతంత్ర్యానంతరం సైకిలు స్వదేశీ పరిశ్రమగా ఎదిగింది. 1949లో మద్రాసుకు చెందిన మురుగప్ప కుటుంబం ఇంగ్లండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి టి.ఐ. సైకిల్స్‌ను స్థాపించి, అంబత్తూరులో హెర్క్యులీస్ సైకిళ్ళను తయారుచేయించింది. బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో సేన్-రాలీ, 1951లో హర్యానా ప్రాంతపు సోనీపత్‌లో అట్లాస్ వెలిశాయి. ఇప్పటి పాకిస్తాన్‌లోని కమాలియా నుంచి తరలివచ్చి విడిభాగాల వ్యాపారం చేసిన ముంజాల్ సోదరులు 1956లో లూధియానాలో హీరో సైకిల్స్‌ను ప్రారంభించారు. 1950-51లో ఏడాదికి దాదాపు లక్షగా ఉన్న ఉత్పత్తి 1960-61 నాటికి పది లక్షలు దాటి, 1980-81 నాటికి నలభై లక్షలను మించింది. సైకిలు కొనలేనివారికి గంట లెక్కన అద్దెకిచ్చే దుకాణాలు పేటపేటా ఉండేవి. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలను బట్టి పంక్చరును గుర్తించి అతుకు వేయడం, వంకర తిరిగిన రిమ్ముకు ఊచలు బిగించి బెండు తీయడం, వాల్వ్ ట్యూబు మార్చడం వంటి పనులతో వేలాది కుటుంబాలు బతికాయి. ప్రజాజీవితంలోనూ సైకిలు నిరాడంబరతకు నిదర్శనంగా నిలిచింది. రాజ్యసభ సభ్యుడిగా పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళడాన్ని తెలుగువారు ఇప్పటికీ గౌరవంతో తలుచుకుంటారు.

మోటారు రద్దీ పెరిగితే సైకిలు గతి ఏమిటన్న ప్రశ్న ఈ దేశపు ఇంజనీర్లకు తట్టకపోలేదు. రోడ్ల నిర్మాణ ప్రమాణాలను రూపొందించేందుకు 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, 1962లో సైకిలు బాటల కోసం ప్రత్యేకంగా ఒక ప్రమాణాన్ని వెలువరించింది. రద్దీ గంటలో నాలుగు వందల సైకిళ్ళు, నూరు నుంచి రెండు వందల మోటారు వాహనాలు సాగే దారిలో విడిగా సైకిలు బాట వేయవచ్చని, మోటారు వాహనాలు గంటకు రెండు వందలు దాటితే సైకిళ్ళు నూరే ఉన్నా విడిబాట సమంజసమేనని అది చెప్పింది. మోటార్లు పెరిగినకొద్దీ తక్కువమంది సైకిలిస్టులకైనా రక్షణ ఎక్కువగా కావాలన్నది దాని సారాంశం. చండీగఢ్ రూపకర్త లె కార్బూజియే వీధులను ఏడు తరగతులుగా విభజించి, తరువాత సైకిళ్ళ కోసం ఎనిమిదవ తరగతిని చేర్చాడు. కాని చాలా నగరాల్లో 1962 ప్రమాణం కాగితం దాటలేదు. వీధిని వెడల్పు చేసిన ప్రతిసారీ ఆ అదనపు జాగా మోటారు బాటకే చెందింది.

ఈలోగా వాహనమే మారింది. 1972లో వచ్చిన లూనా, 1980లో హోసూరు నుంచి వచ్చిన టి.వి.ఎస్. 50 వంటి మోపెడ్లు, అంటే చిన్న ఇంజను అమర్చిన తేలికపాటి బండ్లు, సైకిలు తొక్కే మధ్యతరగతిని ఆకర్షించాయి. సైకిళ్ళతో ఎదిగిన ముంజాల్ కుటుంబమే జపాను కంపెనీ హోండాతో చేయి కలిపి 1985లో హీరో హోండా మోటారు సైకిలును విడుదల చేయడం కాలం తిరిగిన దిశను సూచిస్తుంది. జనాభా లెక్కల ప్రకారం 2001లో పట్టణ కుటుంబాల్లో నూటికి 46 సైకిలు కలిగి ఉండగా 2011 నాటికి అవి 42కు తగ్గాయి. అదే కాలంలో మోటారు ద్విచక్ర వాహనమున్న పట్టణ కుటుంబాలు దాదాపు 25 నుంచి 35కు పెరిగాయి. అయినా నూటికి నలభైకి పైగా ఇళ్ళలో సైకిలు మిగిలే ఉందన్న వాస్తవాన్ని పాలకులు గమనించలేదు. 2013లో కోల్‌కతా పోలీసులు 174 వీధుల్లో సైకిళ్ళను నిషేధించినప్పుడు పాలవాళ్ళు, పేపరు వేసేవారు, చిన్న సరుకు మోసేవారు అందరికంటే ఎక్కువగా నష్టపోయారు. రద్దీ తగ్గించే పేరుతో ఎక్కువ స్థలం ఆక్రమించే వాహనాన్ని ఉంచి, తక్కువ స్థలం ఆక్రమించే వాహనాన్ని తొలగించడం న్యాయం కాదు, లెక్కకు నిలిచే పరిష్కారమూ కాదు.

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వీధి స్థలాన్ని వాహనాలకు కాక మనుషులకు కేటాయించాలని ప్రకటించడంతో ఆలోచన కొంత మళ్ళింది. హైదరాబాదు బాహ్య వలయ రహదారి వెంబడి సౌర ఫలకాల కప్పుతో నిర్మించిన 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరులో ప్రారంభమైంది. నీడనూ విద్యుత్తునూ కలిపి ఇచ్చే ఆ నిర్మాణం అభినందనీయమే. కాని వ్యాయామానికి వెళ్ళేవారి అవసరం వేరు, రోజూ పనికి వెళ్ళేవారి అవసరం వేరు. తెల్లవారక ముందే విధికి చేరవలసిన కాపలాదారుడికి, కట్టడం పనివాడికి, బడికి వెళ్ళే బాలికకు నగరం నడిబొడ్డున, ఇంటికీ పనిచోటుకూ మధ్యనున్న మామూలు వీధిలోనే సురక్షితమైన జాగా కావాలి.

ఆ జాగాను సమకూర్చడానికి కొత్త సిద్ధాంతం అవసరం లేదు. మోటారు రద్దీ పెరిగినకొద్దీ సైకిలుకు రక్షణ పెరగాలన్న 1962 నాటి సూత్రాన్ని వీధి వెడల్పు చేసే ప్రతి ప్రణాళికలో తప్పనిసరి చేయడం, వేసిన సైకిలు బాటను నిలుపుడు స్థలంగా మారనివ్వకపోవడం, విడిబాటకు చోటులేని ఇరుకు వీధుల్లో మోటారు వేగాన్ని సైకిలు వేగానికి దగ్గరగా తగ్గించడం అందుకు చాలు. జట్కాల కాలంలో సైకిలుకు భద్రత దక్కింది ఆ వీధిలో ఎవరూ మరొకరిని చంపేంత వేగంతో సాగకపోవడం వల్లనే. దీపానికీ, గంటకూ, బిళ్ళకూ సైకిలు యజమానిని దశాబ్దాల పాటు బాధ్యుణ్ణి చేసిన పురపాలక వ్యవస్థ, అతని ప్రాణానికి తాను వహించవలసిన బాధ్యతను ఇకనైనా స్వీకరించాలి.