తెలుగునాట బాప్తిస్మము, స్థిరీకరణము: నడిమి కాలము

క్రైస్తవ సంఘమున చేరువానికి జరుగు సంస్కారములు రెండు. జలముతో జరుగునది మొదటిది. శిరస్సుపై హస్తముంచియు, కొన్ని సంఘములలో నుదుట తైలము నలదియు జరుపునది రెండవది. మొదటిదానిని తెలుగు కతోలికులు జ్ఞానస్నానమనియు, ప్రొటెస్టెంటులు బాప్తిస్మమనియు వ్యవహరింతురు. రెండవదానికి కతోలికులలో భద్రమైన అభ్యంగనమని పేరు. ప్రొటెస్టెంటుల నోట కన్ఫర్మేషను అను ఆంగ్లపదమే తఱచుగా వినవచ్చును. ఈ వ్యాసమున మేము దానిని స్థిరీకరణమనుచున్నాము.

జ్ఞానస్నానము భావమును తెలుపు మాట. బాప్తిస్మము గ్రీకు మాటకు తెలుగు రూపము. ఆ గ్రీకు ధాతువునకు ముంచుట యని అర్థము. దానిని అనువదింపవలెనా, అట్లే నిలుపవలెనా యను వివాదము 1830 తరువాతి దశకమున బెంగాలీ బైబిలు విషయమై చెలరేగినది. ముంచుట యను అర్థమిచ్చు మాటను వాడిన బాప్తిస్టుల అనువాదమునకు బ్రిటిషు బైబిలు సొసైటీ ధనసహాయము నిరాకరించువఱకు అది పోయినది. ముంచుటయే సంస్కారమైనచో శిశువు నెత్తిన నీరు చిలుకరించుట సంస్కారము కాజాలదు. ఒక్క మాటపై అంత పట్టుదలకు అదియే కారణము.

ఆదిమ సంఘమున ఈ రెండును వేఱు సంస్కారములు కావు. నీట మునిగి లేచినవానికి ఆ వేళనే అభ్యంగనము, హస్తనిక్షేపము జరిగెడివి. సంఘములు గ్రామములకు వ్యాపించినపుడు బిషప్పు అన్నిచోట్లకు పోజాలకుండెను. క్రీ.శ. 416లో రోము పోపు మొదటి ఇన్నొసెంటు ఒక బిషప్పునకు వ్రాసిన లేఖలో నుదుట అభ్యంగనము చేయు అధికారము బిషప్పునకు మాత్రమే కలదని నిర్ణయించెను. అందుచే పడమటి దేశములలో బాప్తిస్మము ముందును, బిషప్పు వచ్చినపుడు రెండవదియు జరుగుట ఆచారమైనది. తూర్పు సంఘములు బిషప్పు ప్రతిష్ఠించిన తైలమును గురువుల చేతికిచ్చి రెంటిని నేటికిని కలిపియే జరుపుచున్నవి. కావున రెండు సంస్కారముల నడిమి ఎడమును మొదట కల్పించినది సిద్ధాంతము కాదు, దూరము.

ఆ దూరమే తెలుగునాట మరల కనబడును. ఆంగ్లికను మిషనరీలు నోబిలు, ఫాక్సులు 1841లో మచిలీపట్టణము చేరిరి. 1859లో రాఘవాపురపు మాలపెద్ద పాకాల వెంకయ్య బాప్తిస్మము పొందిన పిమ్మట కృష్ణా మండలమున సంఘములు గ్రామగ్రామమునకు ప్రాకినవి. కాని బిషప్పు మద్రాసున నుండెను. 1912లో వేదనాయకం శామ్యూలు అజరయ్య దోర్నకలు బిషప్పగు వఱకు పరిస్థితి యిదియే. నడుమ గడచు కాలము వ్యర్థము కాలేదు. విశ్వాసప్రమాణము, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు కంఠస్థము చేసి ప్రశ్నోత్తరముల నేర్చినవారినే బిషప్పు ఎదుట నిలుపవలెనని ఆంగ్లికనుల ప్రార్థనగ్రంథము విధించుచున్నది. స్థిరీకరణము పొందినవారికో, పొందుటకు సిద్ధముగా నున్నవారికో తప్ప ప్రభురాత్రి భోజనమున పాలు లేదు. అక్షరము రాని పల్లెజనము కీ నడిమి కాలమే పాఠశాల. ముందు చేర్చుకొనుట, పిమ్మట నేర్పుట, ఆ మీదట పరీక్షించుట: ఇది వారి క్రమము.

బాప్తిస్టుల కీ క్రమము లేదు. వారు శిశువులకు బాప్తిస్మమీయరు, స్థిరీకరణమును పాటింపరు. కావున నేర్పుటయు పరీక్షయు నీటికి ముందే ముగియవలెను. 1878 నాటి ఒంగోలు ఘట్టమును ఈ దృష్టితో చూచినవారు అరుదు.

అమెరికను బాప్తిస్టు జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలున స్థిరపడెను. ఆ సంవత్సరమే ఎఱ్ఱగుంట్ల పేరయ్య అను మాదిగ యోగి, ఆయన భార్యయు బాప్తిస్మము పొందిరి. 1867 జనవరి 1న ఎనమండుగురితో సంఘమేర్పడెను. అభ్యర్థులకు క్లౌ పెట్టిన నియమములు మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహముల కొలువరాదు. ఇవి కంఠపాఠములు కావు. మాదిగ ఊరివారికి వెట్టి చేయవలసినవాడు. చచ్చిన గొడ్డు వాని వంతు. జాతరలో డప్పు వాని విధి. ఈ మూటిని పాటించినవాడు ఊరితో తగవు తెచ్చుకొనక తప్పదు. ఆ తగవే పరీక్ష, ఊరే పరీక్షకుడు!

1876-78 కఱవు వచ్చినది. క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. ఆయన బోధకులే ఆ పనికి మేస్త్రీలైరి. విరామమున, మాపటివేళ వారు కూలీల నడుమ కూర్చుండి బోధించిరి. అయినను సుమారు 15 నెలలు క్లౌ ఎవ్వరికిని బాప్తిస్మమీయలేదు. కూటికై వచ్చినవారను మాట పడకుండుటయే ఆయన ఉద్దేశము. 1878 జూనులో సహాయము ముగిసినదనియు, ఇక నెవ్వరికిని ధనమీయబడదనియు చెప్పి పంపినను జనము కదలలేదు. తమకు సహాయమక్కఱ లేదని, అరచేతుల బొబ్బలే తమ కష్టమునకు సాక్ష్యమని వారు పలికినట్లు క్లౌ ఆత్మకథ తెలుపుచున్నది. ఆయన 1910లో మరణింపగా భార్య ఎమ్మా 1914లో దానిని ప్రకటించెను.

ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, వెరసి మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. 3వ తేదీన ఉదయము ఆఱు మొదలు పదునొకండు వఱకు, మరల రెండు మొదలు ఏడు వఱకు ఆఱుగురు బోధకులు ఇద్దరిద్దరు వంతుగా నీట నిలిచిరి. మనిషికి సుమారు అరనిమిషము పట్టినదన్నమాట. పెంతెకొస్తు దినమున మూడువేలమంది ఒక్కనాడే చేరుట సాధ్యమా యని శంకించినవారికి ఈ లెక్క సమాధానముగా చూపబడినది. మాకు అరనిమిషము ముఖ్యము కాదు. దానికి ముందు గడచిన 15 నెలలు ముఖ్యము. కృష్ణా మండలమున బాప్తిస్మము తరువాత వచ్చు నడిమి కాలము ఇచ్చట ముందునకు జరిగినది. కాలువగట్టే వారి బడి. కూటి ప్రశ్న వేయువారు ఈ నిరీక్షణమును లెక్కలోనికి తీసికొనలేదు. అయితే ఒంగోలు పద్ధతికి లోటు లేదనలేము. ఇన్ని వేలమందిని చేర్చుకొన్న పిదప వారిని బోధకుడు మరల కలిసికొని పరీక్షింపదగిన నియత సందర్భమేదియు ఆ సంఘమునకు లేకపోయెను.

అజరయ్య ఈ లోటును వేఱొక తీరున గ్రహించినట్లు తోచును. గ్రామసంఘములకు పోయినపుడు ఆయన బాప్తిస్మము పొందినవారిచే వారి చేతులను వారి తలలపైననే పెట్టించి, సువార్త ప్రకటింపకున్న తమకు శ్రమయని పలికించెడివాడు. స్థిరీకరణమున బిషప్పు చేయి తలపై నుండును. ఇచ్చట ఎవని చేయి వాని తలపై నున్నది.

1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమున ఆంగ్లికనులు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలు, ప్రెస్బిటీరియను సంప్రదాయములవారు కలిసిరి. శిశుబాప్తిస్మమును, పెద్దయై విశ్వాసమొప్పుకొనిన పిమ్మటి బాప్తిస్మమును అది రెంటిని అంగీకరించినది. స్థిరీకరణమును బిషప్పేగాక ఆయన అనుమతి పొందిన గురువును జరుపవచ్చునని యేర్పఱచినది. ఒంగోలు బాప్తిస్టులు ఆ ఐక్యతలో చేరలేదు.