చల్లని గది వెనుక కథ

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని పెద్దల మాట. మొన్నటి వేసవిలో, ఆ కార్తెలోనే ఒకనాటి మధ్యాహ్నము, మా యింటి ఎయిర్ కండిషనరు చల్లదనమిచ్చుట మానినది. కబురు పంపగా ఇరువది రెండేండ్ల కుర్రవాడొకడు పనిముట్ల సంచి, గ్యాసు సిలిండరు, రాగి గొట్టములు అతికే టార్చి తీసుకొని వచ్చినాడు. కాసేపు అటు ఇటు చూచి, "గ్యాసు పోయిందండి, ఎక్కడో కారుతోంది. అతికి నింపాలి" అన్నాడు. "ఏ గ్యాసు బాబూ?" అని అడిగినాము. "ఏదైతేనేమండి, చల్లగా వస్తే చాలు గదా!" అని నవ్వి టార్చి వెలిగించబోయినాడు. కొంచెము ఆగుమన్నాము. ఆ గొట్టములలో ఉన్నది ఏ వాయువన్న ప్రశ్నకు నూరేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలో ప్రాణనష్టము కూడ కలదు.

మన తాతల కాలమున వేసవి తాపమునకు వట్టివేళ్ళ తడికెలు, కొత్త కుండలోని నీరు ఉండేవి. తడికె మీద చల్లిన నీరు ఆవిరియగునప్పుడు గాలిలోని వేడిని తనతో తీసుకొనిపోవును. యంత్రములో జరుగునది కూడ ఇదే. తడికె మీది నీరు గాలిలో కలిసిపోవును. యంత్రములోని ద్రవము మాత్రము ఆవిరియై, కంప్రెసరు చేత ఒత్తబడి, యింటి వెలుపల వేడిని వదలి, మరల ద్రవమై లోనికి వచ్చును. ఇదే చక్రమును తిరుగవేసినచో వెలుపలి వేడిని లోనికి తెచ్చుకొనవచ్చునని 1852లోనే విలియం థామ్సన్, అనగా తరువాత లార్డ్ కెల్విన్ అయిన శాస్త్రజ్ఞుడు, సూచించినాడు. చలిదేశములవారు హీట్ పంపు అని పిలుచునది అదియే. 1938 నాటికి స్విట్జర్లాండులోని జూరిక్ పురమందిరమును అట్టి యంత్రము ప్రక్కనున్న నది నీటిలోని వేడిని తీసి వెచ్చబరచినది. వేడి నిచ్చినను, చలువ నిచ్చినను, గొట్టములో తిరుగు ద్రవము లేనిదే యీ యంత్రమునకు ఊపిరి లేదు.

యంత్రములు రాకముందు చలువ ఓడల మీద వచ్చేది. బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ అమెరికా చెరువులపై గడ్డకట్టిన మంచును కోయించి, 1833లో కలకత్తాకు చేర్చినాడు. మదరాసు సముద్రతీరమున ఆ మంచును నిలువజేయుటకు కట్టిన భవనము నేటికిని ఉన్నది. 1897లో వివేకానందస్వామి బసచేసిన 'ఐస్ హౌస్' అదే. మంచుగడ్డ కరిగినచో నీరగునే కాని ఎవరికిని ప్రాణాపాయము లేదు. చిక్కంతయు యంత్రముతో వచ్చినది.

పదునెనిమిదవ శతాబ్దమున విలియం కల్లెన్ ఈథరును ఆవిరిచేసి చలువ పుట్టించి చూపినాడు. 1834లో జేకబ్ పెర్కిన్స్ లండనులో తన యంత్రమునకు పేటెంటు పొందినాడు. అందును ఈథరే వాడవలెనన్నాడు. ఈథరు నిప్పు తగిలిన భగ్గుమను ద్రవము. పిమ్మట 1870 తరువాతి యేండ్లలో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే అమ్మోనియాను వాడి, మంచు కర్మాగారములకు, బీరు తయారీశాలలకు గట్టి యంత్రములను కట్టినాడు. అమ్మోనియా ఘాటు మనము ఎరుగనిది కాదు. అయినను కర్మాగారములో దానికి తగిన కావలి ఉండేది. తెలిసినవారు వాల్వుల దగ్గర నిలిచి చూచుకొనేవారు. 1902లో విల్లిస్ క్యారియర్ న్యూయార్కులోని ఒక ముద్రణాలయములో గాలి తేమను అదుపుచేసినప్పుడు కూడ యంత్రము వ్యాపారస్థలముననే ఉన్నది.

1920 తరువాత అమెరికాలో యంత్రము వంటయింటికి వచ్చినది. కావలివాడు మాత్రము వెంట రాలేదు. గృహిణి దాని తలుపు తీసి పాలు పెట్టుకొనును. వెనుక గొట్టములో ఏమున్నదో ఆమెకు తెలియదు. ఆ కాలపు రిఫ్రిజిరేటర్లలో ముఖ్యముగా మూడు వాయువులు వాడేవారు: అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు. మొదటి రెంటిలో ఒక సుగుణమున్నది. గొట్టము చిల్లిపడినచో వాటి ఘాటు నిద్రపోవువానినైనను లేపి వీథిలోనికి పరుగెత్తించును. వాటిని కనిపెట్టుట కూడ వింతగా ఉండేది. అమ్మోనియా కారుచున్నదేమో చూచుటకు గంధకపు వత్తి వెలిగించి గొట్టము వెంట త్రిప్పేవారు; సల్ఫర్ డయాక్సైడునకైతే అమ్మోనియాలో ముంచిన గుడ్డను త్రిప్పేవారు. ఈ రెండును కలిసినచోట తెల్లని పొగ లేచును. ఒక విషమును రెండవ విషమే పట్టి యిచ్చేది.

మిథైల్ క్లోరైడు అట్టిది కాదు. దాని వాసన మిక్కిలి పలుచన, కొంచెము తీపి. పీల్చినవానికి మత్తు, తలతిరుగుట, తూలుట కలుగును. త్రాగి వచ్చినాడనియో, జ్వరము తగిలినదనియో ఇంటివారు అనుకొనవచ్చును. 1929లో చికాగో నగరములో, ఒకే యంత్రము నుండి అనేక కుటుంబముల వంటయిళ్ళకు గొట్టములు వేసిన పెద్ద భవనములలో, ఈ వాయువు కారి పలువురు మరణించినారు. అటు పిమ్మట కళ్ళు మండించు ద్రవ్యమొకటి దానిలో కొద్దిగా కలిపి హెచ్చరికగా వాడినారు. ఇక్కడ ఒక మాట. అదే సంవత్సరము క్లీవ్‌లాండులోని వైద్యశాలలో నూరుమందికి పైగా చనిపోయిన ప్రమాదమును కొన్ని వ్యాసములలో రిఫ్రిజిరేటరు తలకు చుట్టుట కద్దు. అది సరికాదు. అక్కడ కాలినవి ఎక్స్-రే ఫిలిములు. చంపినది వాటి పొగ. చేయని నేరము యంత్రము మీద మోపనేల? చేసినవి చాలును.

బెర్లినులో ఒక కుటుంబము రిఫ్రిజిరేటరు విషవాయువు వలన నిద్రలోనే మరణించినదన్న వార్త ఐన్‌స్టీన్‌ను కలచినదని చెప్పుదురు. ఆయన, లియో జిలార్డు అను యువ శాస్త్రజ్ఞుడు కలిసి, వాయువు కారునది కదిలే భాగముల బిగింపుల దగ్గరనే కనుక కదిలే భాగములే లేని యంత్రమును చేయవలెనని తలపోసినారు. 1930లో అమెరికాలో వారికి పేటెంటు వచ్చినది. సాపేక్షతా సిద్ధాంతము చెప్పినవాడు వంటింటి అలమర కొరకు కూర్చొని లెక్కలు వేసినాడన్నది మాకెంతో ప్రియమైన సంగతి. కాని ఆ యంత్రము బజారునకు రాలేదు. జిలార్డు పంపు చప్పుడు భరింపరానిదైనది. అంతలో మరొక దారి దొరికినది.

ఆ దారి చూపినవాడు థామస్ మిజ్‌లీ. పెట్రోలులో సీసము కలుపుటను కనిపెట్టినవాడును ఇతడే. 1928లో, మంట అంటని, విషము కాని వాయువు కావలెనని అడుగగా, సహచరులతో కూడి క్లోరిను, ఫ్లోరిను చేర్చిన వాయువు నొకదానిని తయారుచేసినాడు. దీనికి కావలసిన లవణము చిన్న సీసాలు ఐదు తెప్పించినారు. వాటిలో ఒక దానితో చేసిన వాయువును గినీ పంది పీల్చి హాయిగా తిరిగినది. మరొక సీసాతో చేసినది పీల్చి చచ్చినది. పరీక్షింపగా, మొదట చేతికందిన సీసా ఒక్కటే శుద్ధమైనదనియు, తక్కినవాటి మలినము వలన ఫాస్జీన్, అనగా మొదటి ప్రపంచయుద్ధములో సైనికులను చంపిన వాయువు, పుట్టినదనియు తేలినది. ముందు చెడ్డ సీసా తీసియుండినచో ఆ ప్రయత్నము అంతటితో ముగిసేదేమో. 1930లో అట్లాంటా నగరమున రసాయనశాస్త్రజ్ఞుల సభలో మిజ్‌లీ ఆ వాయువును గుండెల నిండ పీల్చి, వెలుగుచున్న కొవ్వొత్తిపై ఊది ఆర్పినాడు. విషము కాదు, మంట అంటదు. ఒక్క ఊపిరిలో రెండును రుజువైనవి. అదే ఫ్రియాన్.

ఆ కొవ్వొత్తి ఆరిన తరువాత ఇంటింట యంత్రము భయము లేకుండ వచ్చినది. ఆ మేలు కాదనరానిది. అయితే దానితో మరొకటి కూడ జరిగినది. గొట్టము విప్పువాని చేతికి భయముతో పాటు జాగ్రత్తయు వదలిపోయినది. మరమ్మతుకు వచ్చినవాడు ఉన్న వాయువును గాలిలోనికి 'బుస్సు'మని వదలి, క్రొత్తది నింపి పోవుట ఆచారమైనది. కారుడు కనుగొనుటకు చేతదీపమే వాడేవారు. ఫ్రియాన్ తగిలినచో దాని మంట ఆకుపచ్చగా మారును. ఆ మంటలో పడి విరిగిన ఫ్రియాను నుండి ఘాటైన ఆమ్లపు ఆవిరులు, కొంత ఫాస్జీనును పుట్టునన్నది గాలి ఆడని గదిలో పనిచేయువానికి ఎవరు చెప్పినారు? ప్రమాదము ఇంటివారి నుండి తొలగి పనివాని ముక్కు దగ్గరకు చేరినది. అక్కడి నుండి ఆకాశమునకు ఎక్కినది.

తరువాతి కథ పాఠకులు ఎరిగినదే. 1974లో మొలీనా, రోలండు అను శాస్త్రజ్ఞులు ఈ వాయువులు ఓజోను పొరను తినివేయునని చెప్పినారు. 1985లో దక్షిణధ్రువముపై ఆ పొర పలుచబడినట్లు ఫార్మన్ బృందము ప్రకటించినది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒడంబడిక కుదిరినది. 1992లో మన దేశమును చేరినది. క్లోరిను లేని క్రొత్త వాయువులు వచ్చినవి. వాటిలో ఒకటైన 134-ఎ తయారీవిధానమును రూపొందించుటలో మన హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారు పాలుపంచుకొన్నారు. కాని యీ క్రొత్తవి ఓజోనును విడిచి భూమిని వేడెక్కించుటకు పూనుకొన్నవి. 2016లో కిగాలి నగరమున వాటిని కూడ క్రమముగా తగ్గించుటకు నిర్ణయము జరిగినది. 2021లో భారతదేశము దానిని ధ్రువపరచినది.

ఇక మిగిలిన దారి యేది? అగ్గి అంటే వాయువులే. ఇప్పుడు అనేక ఇళ్ళలోని ఎయిర్ కండిషనర్లలో ఉన్న ఆర్-32 సులభముగా అంటుకొనదు గాని, బొత్తిగా అంటుకొననిది కాదు. ఆర్-290 అనునది ప్రొపేను; మన వంటగ్యాసు సిలిండరులో ఉన్నవానిలో ఒకటి. భూమికి దాని వలన వేడి దాదాపు లేదు. చలువ నిచ్చుటలో గట్టిది. పెర్కిన్స్ ఈథరు నుండి బయలుదేరి రెండు వందల యేండ్లు తిరిగి మరల నిప్పు దగ్గరకే వచ్చినాము.

దీనికి భయపడి యంత్రమును వదలుకొనవలసిన పని లేదు. లెక్క చూడుడు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలో 28 ఘనమీటర్ల గాలి ఉండును. ప్రొపేను మండుటకు గాలిలో నూటికి రెండు పాళ్ళు, అనగా ఘనమీటరునకు సుమారు 38 గ్రాములు ఉండవలెను. గది మొత్తమునకు ఒక కిలోకు పైమాట. చిన్న గదికి పెట్టు యంత్రములో ఉండునది మూడు నాలుగు వందల గ్రాములే. కాని ప్రొపేను గాలికంటె బరువైనది. నేల మీద పరచుకొనును. గదిలో క్రింది పావుభాగముననే అంతయు చేరినచో 270 గ్రాములే చాలును. పైగా వంటగ్యాసునకు కలిపే దుర్వాసన దీనికి కలుపరు. చికాగోలో మిథైల్ క్లోరైడు వలెనే ఇదియు చెప్పకుండ వచ్చును. ఎయిర్ కండిషనరు ఉన్న గదిలో కిటికీలు మూసియే ఉండును గదా. మా స్టూడియోలలో కిటికీలే ఉండవు. ఈ సంగతి వ్రాయునప్పుడు అది కొంచెము ఎక్కువగా జ్ఞాపకము వచ్చినది.

కనుక విప్పువాని చేతికి పాత జాగ్రత్త తిరిగి రావలెను. ఆకుపచ్చ మంట చూపే ఆ చేతదీపము ఇప్పుడు గదిలోనికే రాకూడదు. తలుపులు తెరచి, మిగిలిన వాయువును తగిన పద్ధతిలో తీసివేసి, గొట్టములను నత్రజనితో కడిగిన పిమ్మటనే టార్చి వెలిగించవలెను. బిగింపు పరీక్షకును నత్రజనియే. దొరకలేదని ఆమ్లజని సిలిండరు తగిలించువారు ఉన్నారు; కంప్రెసరులోని నూనెకు ఒత్తిడితో ఆమ్లజని తోడైనచో అది బాంబుతో సమానము. యంత్రమును వేరొకచోటికి మార్చునప్పుడు వాయువునంతయు వెలుపలి పెట్టెలోనికి లాగునప్పుడు, గొట్టము వదులై గాలి చొరబడినను అట్టి ప్రేలుడే కలుగవచ్చును. పాత ఆర్-22 యంత్రములో చవుకగా వచ్చునని ప్రొపేను నింపుట మరింత ప్రమాదము. దాని స్విచ్చులు, విద్యుత్ కలుపులు మండని వాయువును తలచి చేసినవి. నిప్పురవ్వ పుట్టినను అప్పుడు బాధ లేదు. ఇక మూడవ అంతస్తు గోడకు వ్రేలాడే ఇనుప కొమ్మల మీద, నడుమునకు త్రాడైనను లేక నిలిచి ఆ బరువైన పెట్టెను బిగించువారిని చూచినప్పుడెల్ల మాకు వాయువు సంగతే మరపునకు వచ్చును.

2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన శీతలీకరణ ప్రణాళికలో లక్షమంది మరమ్మతు పనివారికి శిక్షణ ఇవ్వవలెనని వ్రాసినారు. మా యింటికి వచ్చిన కుర్రవాడు ఆ లక్షలో లేడు. మూడేండ్లు ఒక మేస్త్రీ వెంట తిరిగి పని నేర్చినాడట.

ఆనాడు అతనిని వెలుపలి పెట్టె దగ్గరకు తీసుకొనిపోయి, దాని ప్రక్కనున్న చీటీ చూపినాము. మంట బొమ్మ గల ముక్కోణము, దాని క్రింద ఆర్-290 అను అక్షరములు, ఎన్ని గ్రాములు పట్టునో ఆ లెక్క. అతడు తెచ్చిన సిలిండరు మీద ఆర్-22 అని ఉన్నది. కాసేపు రెంటిని మార్చి మార్చి చూచినాడు. "ఇది వంటగ్యాసు లాంటిదాండీ? మాకెవరూ చెప్పలేదండి" అన్నాడు. టార్చి సంచిలో పెట్టినాడు. గది తలుపులు, కిటికీలు తానే తెరచినాడు. చల్లని మంచినీళ్ళు అడిగినాడు; కూజాలోనివి ఇచ్చినాము.

మరునాడు మధ్యాహ్నము అతడు నత్రజని సిలిండరు, తూకపు యంత్రము, వాయువును పసిగట్టే పరికరము ఎరువు తెచ్చుకొని, తనకంటె పెద్దవాడైన మరొక పనివానితో కలిసి వచ్చినాడు. పనికి రెండు గంటలు పట్టినది. పోవునప్పుడు చీటీ మీది అంకెలను చిన్న పుస్తకములో వ్రాసుకొని, క్రింద గీత గీసికొన్నాడు.