సూది పట్టిన చేతులు – మన స్త్రీల కుట్టుపని చరిత్ర

ఇటువంటి శతవార్షిక సంచికలలో అధ్యక్షుల ఛాయాచిత్రములు, గురువుల పేర్లు, దేవాలయములకు శంకుస్థాపన జరిగిన తేదీలు ముందు పుటలలో కనబడును. అవి ఉండవలసినవే. కాని ఆ దేవాలయములలో బల్లపై పరచిన తెల్లని గుడ్డకు అంచు అల్లినవారెవరు? గాయక బృందమునకు అంగీలు కుట్టినవారెవరు? క్రిస్మసు నాటికి ఇంటిల్లిపాదికీ క్రొత్తబట్టలు తయారుచేసి, తాము మాత్రము పాత చీరతోనే ఆరాధనకు వచ్చినవారెవరు? రికార్డు పుస్తకములలో ఈ ప్రశ్నలకు జవాబు సులభముగా దొరకదు. వనస్థలిపురములోని మేము కొందరము కలిసి ఆ జవాబును వెదకుటకు చేసిన చిన్న ప్రయత్నమే ఈ వ్యాసము.

మా ప్రాంతము క్రొత్తది. ప్రక్కనున్న మహావీర్ హరిణ వనస్థలి 1975లో కృష్ణజింకల రక్షణకై ఏర్పడినది. అంతకు పూర్వము అది నిజాము ప్రభువుల వేటస్థలము. తరువాత విజయవాడ రహదారి వెంబడి కాలనీలు వెలసెను. మా సంఘములోని కుటుంబములలో అనేకము గోదావరి, కృష్ణా, ఖమ్మం, నల్లగొండ జిల్లాల నుండి ఉద్యోగముల కొరకు వచ్చి ఇండ్లు కట్టుకొన్నవే. లారీలో తెచ్చుకొన్న సామానులో పెట్టెలు, ఇత్తడి బిందెలతో పాటు కాలితో త్రొక్కు కుట్టు మిషను ఒకటి తప్పక ఉండెడిది. కనుక మా కుట్టుపని చరిత్ర మా కాలనీలో మొదలు కాలేదు. దానిని వెదకుటకు మేము వచ్చిన త్రోవనే వెనుకకు నడువవలెను.

సంఘ చరిత్రలో కుట్టుపనికి పెద్ద స్థానమే కలదు. అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయములో యొప్పే పట్టణపు తబితా కథ మనకు తెలిసినదే. ఆమె మరణించినపుడు పేతురు ఎదుట విధవరాండ్రు ఆమె గుణగణములను వర్ణించుచు ఉపన్యాసములీయలేదు. ఆమె తమ కొరకు కుట్టిన బట్టలనే చూపించి యేడ్చిరి. ఆమెకు గల మరియొక పేరు దొర్కా. ఆ పేరుననే పందొమ్మిదవ శతాబ్దములో అనేక దేశముల సంఘములలో పేదలకు బట్టలు కుట్టియిచ్చు స్త్రీల సమాజములు ఏర్పడెను.

మన తెలుగు దేశమున ఈ కథ గోదావరి డెల్టాలో ఆరంభమగును. 1836లో ఇంగ్లండు నుండి వచ్చిన బౌడెన్, బీర్ అను ఇరువురు మిషనెరీలు నరసాపురం ప్రాంతమున పనికి పూనుకొనిరి. 1844 ప్రాంతమున స్కాట్లండుకు చెందిన మెక్రే దంపతులు అక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరని చెప్పుదురు. ఈ పనికి మగ్గము అక్కరలేదు, యంత్రము అక్కరలేదు. ఒక చిన్న కొక్కెపు సూది, ఒక దారపు ఉండ చాలును. దారమును ముడిలోనుండి ముడిగా లాగి గొలుసు కట్టి, ఆ గొలుసులను పువ్వులుగా, చక్రములుగా కలుపుదురు. పొయ్యి మీద అన్నము ఉడుకుచుండగా గడపలో కూర్చుండి చేయదగిన పని. అందువలననే అది ఇంటింటికి ప్రాకెను. మొదట నేర్చినవారు క్రైస్తవులైన పేద స్త్రీలు. పిమ్మట ఇల్లు దాటి కూలికి పోవుట మర్యాద కాదని భావించిన కాపు కుటుంబముల స్త్రీలును పెద్దసంఖ్యలో దీనిని చేపట్టిరి.

భద్రాచలమునకు ఎగువన గోదావరి ఒడ్డునగల దుమ్ముగూడెములోను ఇట్లే జరిగెను. అక్కడ చర్చి మిషనెరీ సొసైటీకి చెందిన జాన్ కెయిన్ దంపతులు పనిచేసిన కాలమున లేసు అల్లిక వృద్ధిపొంది, ఆ ఊరి పేరు దూరదేశములకు ప్రాకెను.

ఇంతవరకు చెప్పినది సంతోషకరమైన భాగము. రెండవ భాగము కూడ చెప్పకున్న చరిత్ర కాదు. ఇరవయ్యవ శతాబ్దారంభము నుండి నరసాపురపు లేసు ఎగుమతి వ్యాపారముగా పెరిగెను. వర్తకుడు దారమిచ్చును, మధ్యవర్తి ఇంటింటికి పంచును, స్త్రీ అల్లును, మధ్యవర్తి తిరిగి తీసికొనిపోవును. తన చేతిపని ఏ దేశపు బల్లపై పరచబడెనో, ఎంతకు అమ్ముడుపోయెనో ఆమెకు తెలియదు. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి స్త్రీల జీవితమును పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రచురించెను. రోజుకు ఆరు, ఎనిమిది గంటలు అల్లుచున్న స్త్రీని సైతము పనివారిగా గాక, తీరిక వేళ కాలక్షేపము చేయు గృహిణిగా లెక్కించుటచేతనే ఆమె కూలి అంత అల్పముగా నుండెనని ఆ గ్రంథము చూపెను. ఈ మాట మనకు నొప్పి కలిగించవలెను. సూదిపనిని సద్గుణమని బోధించినవారము మనమే. సద్గుణమునకు కూలి అడుగరాదనుకొన్నవారమును మనమే కాదా?

అయితే అదే సూది విడుదల సాధనమైన చోటును కలదు. తిరువాన్కూరు రాజ్యములో నాగర్‌కోయిల్ నందు 1820ల ఆరంభమున మార్తా మాల్ట్ అను మిషనెరీ అమ్మగారు లేసు పాఠశాల నడిపిరి. లేసు డబ్బు కూడబెట్టి దాస్యము నుండి తమ్మును తాము విడిపించుకొన్న స్త్రీలు అక్కడ గలరు. ఆ రాజ్యములోనే నాడార్ కులపు స్త్రీలు రొమ్ము కప్పుకొనుటకు రవిక తొడుగుకొన్నందుకు దెబ్బలు తినిరి. వారి బట్టలు చింపబడెను. దశాబ్దముల పోరాటము తరువాత 1859లో రాజాజ్ఞ వెలువడి వారికి పైభాగము కప్పుకొను అనుమతి లభించెను. మనము నేడు పది నిమిషములలో కొలతలిచ్చి మరచిపోవు రవిక వెనుక ఇట్టి చరిత్ర గలదు.

తరువాత యంత్రము వచ్చెను. 1830లో ఫ్రాన్సు దేశమున తిమోనియే అను దర్జీ కుట్టు యంత్రము చేయగా, తమ పొట్ట కొట్టునని భయపడిన పారిస్ దర్జీలు మరుసటి సంవత్సరమే వాటిని ధ్వంసము చేసిరి. అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లోను, ఐజాక్ సింగర్ 1851లోను పేటెంట్లు పొందిరి. చేతిసూదికి బెజ్జము వెనుకవైపున ఉండగా, మిషను సూదికి మొనవైపున ఉండును. పైదారము గుడ్డలోనికి దిగి చిన్న మడత వేయగా, క్రింది బాబిన్ దారము దానిని పట్టుకొనును. రెండును గుడ్డ నడుమ బిగిసి కుట్టగును. సింగర్ సంస్థ వాయిదాల పద్ధతిని ప్రవేశపెట్టుటచే సామాన్యులును మిషను కొనగలిగిరి. యంత్రములను విమర్శించిన గాంధీజీ సైతము 1924లో సింగర్ కుట్టు మిషనును మినహాయింపుగా పేర్కొనిరి. 1930లలో కలకత్తాలోని జై ఇంజనీరింగ్ వర్క్స్ వారు ఉషా మిషనులు తయారుచేయగా మన దేశపు మిషను మన ఇంటికి వచ్చెను.

ఆ మిషను చుట్టు మా ఇండ్లలో ఒక బడి నడిచెను. నలుగు బల్ల లేదు, పలక లేదు. పాత రవికను ఆదిగా పెట్టి, న్యూసుపేపరుపై గీత గీసి, కత్తిరించి చూచెడివారము. ఛాతీ, నడుము, భుజము, చంక, మెడ లోతు, చేతి పొడవు అన్నియు అంగుళములలోనే. మెట్రిక్ కొలతలు 1958 నుండి అమలులోనికి వచ్చినను, బట్ట మీటర్లలో కొని అంగుళములలో కత్తిరించుట మనము మానలేదు. ముందు కచ్చా కుట్టు, పిమ్మట మిషను కుట్టు, చివరకు హుక్కులు, కాజాలు. లోపల రెండు వైపుల అంగుళమేసి గుడ్డ వదలవలెనని అమ్మలు పదే పదే చెప్పెడివారు. పిల్ల ఎదిగినచో, కోడలు గర్భవతి అయినచో, ఆ మడత విప్పిన రవిక మరల సరిపోవును. రేపటి మార్పునకు ఈనాడే చోటు వదలవలెనను పాఠమును మేము అట్లు నేర్చితిమి.

అమ్మ చీర పాతదైన అక్క పరికిణీ అయ్యెను. పరికిణీ చిరిగిన చెల్లి గౌనయ్యెను. గౌను చిన్నదైన చంటివాని జుబ్బా అయ్యెను. మిగిలిన ముక్కలు బొంతలో చేరెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటన్ దేశములో 1941 నుండి 1949 వరకు బట్టలకు రేషను విధించి, పాతవాటిని బాగుచేసి ధరించుడని ప్రభుత్వము ప్రచారము చేయవలసి వచ్చెను. మన ఇండ్లలో ఆ బోధ ఏ ప్రభుత్వమును చేయనక్కరలేకపోయెను.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ పోయినచో కుట్టిన బట్టలు కుప్పలుగా దొరకుచున్నవి. రవిక గుడ్డ వెల కన్న కుట్టుకూలి ఎక్కువాయెనని మనము విసుగుకొనుచున్నాము. అట్లు విసుగుకొనునపుడు నరసాపురపు గడపలను ఒక్కసారి తలంచుకొందము. కూలి ఎక్కువైనదా, లేక ఇన్నాళ్లు మనము తక్కువ ఇచ్చితిమా? 2024లో నరసాపురపు లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు లభించెను. ఊరి పేరునకు గౌరవము వచ్చెను, సంతోషము. అల్లినవారి చేతికి ఆ గౌరవము ఎంతవరకు చేరునో చూడవలసిన బాధ్యత కొనువారిది కూడ.

ప్రియ సంఘస్థులారా, మా మనవి రెండే మాటలు. మీ ఇంట మూలనున్న మిషనుకు ఒక చుక్క నూనె వేసి, ఆడపిల్లలకే గాక మగపిల్లలకును ఒక గుండీ కుట్టుకొనుట, ఒక అంచు మడచుకొనుట నేర్పుడి. రెండవది, మీ ఇంట కుట్టిన అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు, వారు ఏ ఊరి నుండి వచ్చిరో, ఎవరివద్ద నేర్చిరో వ్రాసి ఆ కాగితమును మీ సంఘ రికార్డులో చేర్చుడి. యొప్పే విధవరాండ్రు చూపుటకు బట్టలుండెను గనుక తబితా పేరు నిలిచినది. మన అమ్మలు కుట్టిన బట్టలు చినిగి బొంతలలో కలిసిపోయెను. కనుక వారి పేర్లనైనను మనము నిలుపుకొందము.