మౌనమే మందుగా ఉన్న వ్యాధి

క్షయ అనగానే మనకు ఊపిరితిత్తులు గుర్తుకొస్తాయి. కాని ఈ వ్యాధి స్వరపేటికకు కూడా సోకుతుంది. అప్పుడు గొంతు బొంగురుపోతుంది, మింగడం కష్టమవుతుంది. మందులు లేని రోజుల్లో వైద్యులు ఇటువంటి రోగులను మాట్లాడవద్దనేవారు. రచయిత ఫ్రాంజ్ కాఫ్కా 1924లో ఈ వ్యాధితోనే మరణించాడు. చివరి వారాల్లో ఆయన చెప్పదలచుకున్నది కాగితం ముక్కల మీద రాసి చూపేవాడు.

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882లోనే కనుగొన్నాడు. అయినా మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో శానిటోరియం తెరిచేనాటికి మంచి గాలి, విశ్రాంతి, పోషకాహారమే ప్రధాన చికిత్స. 1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. ఇంట్లోనే ఉండి మందులు వాడినా శానిటోరియంలో లాగే నయమవుతుందని 1959లో మద్రాసు అధ్యయనం చూపింది.

ఇదే కాలంలో మరో విజయం లభించింది. 1954లో బోస్టన్‌లో ఒకే పోలిక గల కవలల మధ్య మూత్రపిండ మార్పిడి ఫలించింది. 1971లో వెల్లూరులోనూ ఫలించింది. అయితే కవలలు కానివారిలో శరీరం కొత్త కిడ్నీని పరాయిదిగా భావించి తిరస్కరిస్తుంది. అందుకే రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు జీవితాంతం వాడాలి.

ఇక్కడే చిక్కు వచ్చింది. చాలామందిలో క్షయ క్రిములు ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉంటాయి. వాటిని అదుపులో ఉంచే కాపలా బలహీనపడితే అవి మేల్కొంటాయి. అరుదుగా గొంతులోనూ బయటపడతాయి.

వైద్యానికి జంషెడ్‌పూర్ నుంచి వెల్లూరు వెళ్లేవారు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరు కిడ్నీ మార్పిడి చేయించుకుని తిరిగివచ్చారనుకోండి. కొన్ని వారాలుగా గొంతు బొంగురుగా ఉంటే జలుబే కదా అని ఊరుకోవచ్చునా? కూడదు. గొంతు లోపలి పుండు క్యాన్సర్‌లా కూడా కనిపించవచ్చు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తేనే నిజం తెలుస్తుంది.

చికిత్సలోనూ జాగ్రత్త అవసరం. క్షయకు వాడే రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను చురుకుపరుస్తుంది. దాంతో కిడ్నీని కాపాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ త్వరగా విచ్ఛిన్నమై, రక్తంలో వాటి మోతాదు పడిపోతుంది. గొంతును బాగుచేసే మందే కిడ్నీకి ముప్పు తేవచ్చు. అందుకే వైద్యులు తరచూ రక్తపరీక్షలు చేసి మోతాదు సరిచేస్తారు, లేదా మరో మందు ఎంచుకుంటారు.

ఒకనాడు గొంతు క్షయ రోగి మౌనంగా ఉండాలనేవారు. నేడు అతడు మౌనంగా ఉండకూడదు. గొంతు మారిన సంగతి వెంటనే వైద్యునికి చెప్పాలి.